బొటనవేలి గుర్తున్న పిడకలు

అనగనగా ఒక ఊరు. ఊరన్నాక దానికో రాజుంటాడు కదా, ఉన్నాడు. మంచివాడే. కానీ ఈ కథలో ఆయనకి పెద్ద పనేం లేదు, అందుకని ఆయన్ని కోటలో కూచోబెట్టి, తలుపు దగ్గరకేసి, మనం ఊరి చివరికి పోదాం. ఒరే శేషూ, కాళ్ళు దానిమీద వెయ్యకు. పద్దూ, నువ్విటు జరుగు. ఇద్దరూ ఊ కొట్టాలి. ఊ లేకపోతే నాకు కథ ముందుకి నడవదు.

ఊరి చివర ఒక పెంకుటిల్లు, ఇంటి వెనకాల పెద్ద పెరడు. ఆ ఇంట్లో పేరంటాలమ్మ అని ఒకావిడ, ఆవిడ కొడుకు పోలయ్య, కోడలు సింగారం. పోలయ్య ఎలాంటివాడంటే, కొత్త గొడుగు తడిసిపోతుందని చంకలో పెట్టుకుని వానలో తడుస్తూ వచ్చే రకం. మంచివాడే పాపం. సింగారం తెలివైందే గానీ అత్త ఉన్నన్నాళ్ళూ ఆ తెలివికి పని పడలేదు. ఆ ఇంట్లో ఎవరికి కావల్సిన తెలివైనా పేరంటాలమ్మే వాడేసేది.

పేరంటాలమ్మకి ఒక ఆనపపాదు ఉండేది. కాయ మూరెడు పొడుగు, లేతాకుపచ్చ మీద తెల్లచుక్కలు, పైన కొంగకున్నట్టు వంకర మెడ. పులుసు పెడితే పంటికి పనుండదు. ఆవిడ కాపరానికొచ్చేటప్పుడు వాళ్ళమ్మ కొంగున ముడేసి పంపిన గింజ అది. కాయలు మాత్రం ఊరందరికీ పంచేది, అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ, వద్దన్నవాళ్ళకీ. గింజ ఒక్కరికిచ్చేది కాదు. కాయ ఇచ్చేముందు గోరు గుచ్చి చూసేది. లేతదైతేనే ఇచ్చేది. ముదురుకాయ ఇస్తే గింజ తీసి దాచుకుంటారని భయం.

విత్తనానికని ఒకటో రెండో కాయలు పందిరికే వదిలేసేది. మాఘమాసంలో అవి ఎండాక, పచ్చిపేడలో ఇంత బూడిద కలిపి, అందులో గింజలు అదిమి, సావిడి గోడకి పిడకలు కొట్టేది. పేడలో ఉంటే పురుగు ముట్టదు, ఎలక ముట్టదు. మీ అమ్మ డబ్బాలో పోసి ఫ్రిజ్జులో పెడుతుంది. పెట్టుకోనీ, నేనేమన్నా అన్నానా? మామూలు పిడకమీద ఐదువేళ్ళ అచ్చుంటుంది కదా, గింజల పిడక మీద మాత్రం నడిమధ్య ఒక్క బొటనవేలి గుర్తు వేసేది. అలాంటివి మూడు పిడకలు. ఆ గుర్తేంటో కోడలికి కూడా చెప్పలేదు. చెప్తే కోడలికి తెలిసిపోతుంది కదా మరి.

ఒక వేసంకాలం పొద్దున్న పేరంటాలమ్మ చద్దన్నం తింది, ఉల్లిపాయ ఘాటుగా లేదని వంక పెట్టింది, మంచమ్మీద నడుం వాల్చింది, మరి లేవలేదు. అంతే. ఊ కొట్టండి, ఏడవక్కర్లేదు, ఆవిడ మళ్ళీ వస్తుంది.

పదోరోజు కర్మ చేశారు. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి పెట్టి అన్నం వండి, పిండం చేసి కాకికి పెట్టారు. పోయినవాళ్ళకి ఏదన్నా కోరిక మిగిలిపోతే కాకి ముట్టదంటారు. కాకి వచ్చింది. దడి మీద వాలింది. పిండం వంక చూసింది, ఇంటికప్పు వంక చూసింది, ముట్టలేదు. పోలయ్య దణ్ణం పెట్టి, అమ్మా నీ పేర చలివేంద్రం పెడతానన్నాడు. ముట్టలేదు. నీ గేదెని అమ్మనన్నాడు. ముట్టలేదు. నీ కోడల్ని ఒక్కమాట అననన్నాడు. కాకి అటు తిరిగి కూచుంది. అప్పుడు సింగారం కొంగు నడుముకి దోపి ముందుకొచ్చింది. అత్తా, మృగశిర కార్తె రాగానే నీ ఆనపగింజ పాదులో పెడతాను, తీగ పందిరెక్కేదాకా పూచీ నాది, అంది. కాకి దిగిందయ్యా. మెతుకు మిగల్చలేదు.

చుట్టాలు వెళ్ళిపోయాక సింగారం గింజలకోసం వెతికింది. అటకమీద చూసింది, ఉట్టిమీద చూసింది, బూడిదకుండలో చెయ్యిపెట్టి చూసింది. బీరగింజలున్నాయి, చిక్కుడు గింజలున్నాయి, ఆనపగింజలు లేవు. సరే పొద్దున చూద్దాంలే అనుకుని పెరట్లో పొయ్యి ఎత్తుతోంది. బూడిదలో నల్లగా మాడి, ఒక చివర రెండు కొమ్ములున్న గింజలు. పిడికెడు.

ఏమైందంటే, అన్నం వండటానికి బాగా ఎండిన పిడకలు పట్టుకురమ్మంటే, పోలయ్య గోడమీద అన్నిటికన్నా ఎండిన మూడు పిడకలు పట్టుకొచ్చాడు. వాటిమీద బొటనవేలి గుర్తు సింగారం చూసింది కూడా. ఆఖర్న మా అత్తకి చేతిలో పట్టు తగ్గినట్టుంది, ఐదువేళ్ళూ ఆనలేదు పాపం, అనుకుంది. అనుకుని పొయ్యిలో పెట్టింది. మొగుణ్ణి అందామంటే పెట్టింది తనే.

మాటిచ్చింది. కాకి తినేసింది. తిన్నాక మాట వెనక్కి తీసుకోడం ఉండదు. మాట తప్పితే అత్త ఇక ఆ ఇంట్లోనే ఉండిపోతుంది, ఎప్పటికీ. బతికున్న అత్తయితే ఎప్పుడో ఒకప్పుడు ఊరెళ్తుంది.

ఇంతలో రోహిణి వచ్చింది. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ ఎండలో మిట్టమధ్యాహ్నం సింగారం పెరట్లోకి వెళ్తే, దడి పక్కన పేరంటాలమ్మ నిలబడి ఉంది. అదే చీర, అదే ముడి, నడుమ్మీద అదే చెయ్యి. పాదాలు మాత్రం వెనక్కి తిరిగి ఉన్నాయి. అందుకని వస్తోందో వెళ్తోందో తెలియదు. సింగారం నాలుగడుగులు వెనక్కి వేసింది. పేరంటాలమ్మ అదేం పట్టించుకోలేదు. పాదు తవ్వావా, అని అడిగింది.

తవ్వలేదంది కోడలు.

మరి నేను పోయిన దగ్గర్నుంచీ ఏం చేస్తున్నావంది అత్త.

సింగారం గునపం తెచ్చి తవ్వింది. జానెడు లోతు తవ్వితే అది పిల్లి గొయ్యంది. మూరెడు తవ్వితే కుక్క గొయ్యంది. మోకాలు లోతు తవ్వి, తీసిన మట్టి గట్టుమీద పోస్తే, అప్పుడు ఊరుకుని, గింజ తీశావా, అని అడిగింది. అప్పుడే ఎందుకత్తా, గొయ్యీ మట్టీ ఎండాలి కదా, రోహిణి ఎండకి పురుగు చావాలి కదా, అంది సింగారం. అదీ నిజమేనంది పేరంటాలమ్మ. అని వెళ్ళింది. వచ్చిందేమో అనుకుంది సింగారం, పాదాలు చూసి.

నాలుగురోజులకి మళ్ళీ మధ్యాహ్నం. పాదు తవ్వావా? తవ్వాను. ఎండబెట్టావా? ఎండబెట్టాను. గింజ తీశావా? ఎరువెయ్యాలి కదా అత్తా. సింగారం ఎండిపోయిన చెరువులోంచి గంపలతో మట్టి మోసింది. పెంటకుప్ప అడుగునుంచి మాగిన ఎరువు తవ్వి తెచ్చింది. పచ్చిపేడ ఒక్క చారెడు కలిపినా వేరు ఉడికిపోతుందని అత్త పక్కనే నిలబడి ముక్కుతో వాసన చూసింది. దయ్యాలకి ముక్కు పనిచేస్తుందా అని అడక్కు శేషూ, పేరంటాలమ్మకి పనిచేసింది.

మర్నాడు మళ్ళీ మధ్యాహ్నం. పాదు తవ్వావా? తవ్వాను. ఎండబెట్టావా? ఎండబెట్టాను. ఎరువేశావా? వేశాను. గింజ తీశావా? పాదు చుట్టూ దడి కట్టాలి కదా అత్తా, పక్కింటి గవరమ్మ మేకలు చూశావుగా. దడి కట్టింది, తాటిమట్టలతో. మర్నాడు పందిరెయ్యాలి కదా అత్తా. పందిరేసింది, గుంజల మొదళ్ళు నిప్పుల్లో కాల్చి మరీ పాతింది, చెద పట్టకుండా. ఆ మర్నాడు చూరునీళ్ళకి కాలవ తియ్యాలి కదా అత్తా. తీసింది. ఆ తరవాత కందదుంపలు పాతాలి కదా, మునగకొమ్మలు కొట్టాలి కదా, ఎండిన తీగలు పీకాలి కదా. పని తప్పించుకోడానికి పని చేసినవాళ్ళని మీరెక్కడన్నా చూశారా? ఆ పెరడు అంత అందంగా పేరంటాలమ్మ బతికుండగా కూడా లేదు. పేరంటాలమ్మ ఆ మాట అనలేదు. కందదుంప ఒకటి వంకరగా పెట్టావంది.

ఒకరోజు పోలయ్య మజ్జిగ తాగడానికి లేచి పెరట్లోకొచ్చాడు. తల్లిని చూశాడు. ఇంత ఎండలో ఎందుకొచ్చావమ్మా, చల్లబడ్డాక రాకూడదా, అన్నాడు. మజ్జిగ తాగి వెళ్ళి పడుకున్నాడు. నిద్రపోతున్నారా? ఊ అనండి మరి.

అలా రోహిణి అయిపోవచ్చింది. ఇక చెయ్యడానికి పెరట్లో ఒక్క పని మిగల్లేదు. సింగారం సంతకెళ్ళి ఎవరివో ఆనపగింజలు కొనుక్కొచ్చి, ఇవిగో అత్తా, అని అరచేతిలో చూపించింది. పేరంటాలమ్మ వంగి చూసింది. ఇవి గుండుకాయ గింజలు, నా గింజకి రెండు కొమ్ములుంటాయి, చచ్చాక కూడా నన్ను చంపుతున్నావే, అంది. రేపు మృగశిర, గింజ చూపించు, అంది.

రాత్రంతా సింగారానికి నిద్ర లేదు. అత్త తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి, వాటితోపాటు ఇంకోటి కూడా గుర్తొచ్చింది. పెళ్ళయి వచ్చేటప్పటికి తనకి పొట్లతీగకీ కాకరతీగకీ తేడా తెలీదు. తిడుతూనే నేర్పింది అత్త. తిడుతూనే మొదటి కాయ పులుసు తనకే పోసింది. తల్లి లేని పిల్ల సింగారం, అది చెప్పలేదు కదూ మీకు. అబద్ధం చెప్పడం ఇక తనవల్ల కాదనుకుంది.

మర్నాడు మృగశిర. కాస్త మబ్బు పట్టింది. మధ్యాహ్నం పేరంటాలమ్మ వచ్చి, పాదు తవ్వావా, ఎండబెట్టావా, ఎరువేశావా, దడి కట్టావా, పందిరేశావా, అని వరసగా అడిగి, గింజేదీ, అంది. సింగారం నేలమీద కూలబడి ఏడ్చేసి, పిడకల్లో ఉన్నాయని తెలీలేదత్తా, కాల్చేశానని చెప్పింది.

పేరంటాలమ్మ తిట్టలేదు. అదీ భయం.

"మూడు పిడకలూనా?" అంది.

"మూడూ అత్తా."

"దేనికి?"

"నీ పిండం వండటానికి."

పేరంటాలమ్మ పొయ్యి పెట్టిన చోటు వంక చూసింది. "అన్నం ఉడికిందా?" అంది.

"ఉడికిందత్తా. కాకి తింది."

"అయితే నా గింజ నేనే తినేశాను," అంది పేరంటాలమ్మ. అని పాదు గట్టుమీద చతికిలబడి ఏడ్చింది. మా అమ్మ ఇచ్చిన గింజే, కొంగున ముడేసి ఇచ్చిందే, ఈ ఊళ్ళో ఒక్కరి చేతిలోనన్నా పెట్టి ఉంటే ఇవాళ అడిగి తెచ్చుకునేదాన్ని కదే, అని ఏడ్చింది. ఆవిడ ఏడవడం సింగారం ఎప్పుడూ చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక తన కొంగే ఇచ్చింది తుడుచుకోడానికి.

అంతలో పెరటి దడి అవతల గలగల, గలగల అని చప్పుడు.

ఏంటా చప్పుడు? పక్కింటి గవరమ్మ మొగుడు కొండయ్య. ఆయన మూడేళ్ళకిందట, అరవయ్యో ఏట, గేదెని కడుగుతూ కాలవలో పడ్డాడు. గేదె బయటికి లాగింది. ఊరు నవ్వింది. ఆ పౌరుషంతో అప్పట్నుంచీ ఈత నేర్చుకుంటున్నాడు, నడుముకి ఎండిన ఆనపబుర్ర కట్టుకుని. బుర్ర ఉంటే మునగరు కదా. మునగలేదు, ఈతా రాలేదు. వేసంకాలం కాలవ కట్టేస్తే బుర్ర అటక ఎక్కించేవాడు. ఆరోజే మళ్ళీ నీళ్ళొదిలారు. ఎప్పుడూ ఆ బుర్రకి గవరమ్మ దళసరిగా గుడ్డ చుట్టి పంపేది, నీళ్ళలో జారకుండా అని చెప్పేది. అటకమీద ఆ గుడ్డని ఎలకలు కొట్టేశాయి. బుర్ర బోసిగా బయటికొచ్చింది. లోపల గింజలు గలగల. పైన వంకర మెడ.

అత్త కోడలి వంక చూసింది, కోడలు అత్త వంక చూసింది. మూడేళ్ళకిందట విత్తనానికి వదిలిన రెండు కాయల్లో ఒకటి మాయమైపోయింది. పేరంటాలమ్మ మూడురోజులు దడి దగ్గర నిలబడి, నా కాయ తీసినవాళ్ళ నోరు పడిపోను, చేతులు పడిపోను అని శాపాలు పెట్టింది. పాపం గవరమ్మ పక్కన నిలబడి ఊ కొట్టింది కూడా, మీకన్నా గట్టిగా.

పేరంటాలమ్మ కన్నీళ్ళు అక్కడికక్కడే ఎండిపోయాయి. దాన్ని ఇప్పుడే పట్టుకుంటానని లేచింది. సింగారం అడ్డం పడింది. అత్తా, దొంగకాయ అని అరిచామంటే భయపడి పొయ్యిలో పడేస్తుంది, ఇక గింజే ఉండదు, నన్ను వెళ్ళనియ్యి, నువ్వు ఇక్కడే కూచుని ఏం విన్నా నోరెత్తకు, అంది. పేరంటాలమ్మ జన్మలో ఎప్పుడూ చెయ్యని పని అది. చచ్చాక చేసింది.

సింగారం దడి దగ్గరకెళ్ళి గవరమ్మని పిలిచింది. గవరమ్మత్తా, మా అత్త పోయేముందు ఒక మాట చెప్పి పోయింది, ఆ వంకర మెడ కాయ నేనే గవరమ్మకి ఇచ్చాను, మతిమరుపొచ్చి మరిచిపోయి తిట్టాను, నా మాటగా తప్పయిందని చెప్పమంది, అంది. దడికి ఇవతల పేరంటాలమ్మ పళ్ళు కొరికిన చప్పుడు వినిపించింది. గవరమ్మ, మీ ఇంట్లో ఎలకలున్నట్టున్నాయే, అంది. ఉన్నాయత్తా, ఒకటి పెద్దది, అంది సింగారం.

గవరమ్మ దడి రెండు చేతులా పట్టుకుంది. మూడేళ్ళుగా అన్నం సహించట్లేదే, మీ అత్త చచ్చిపోయినప్పుడు కూడా దగ్గరికి రాలేకపోయానే, అని భోరుమంది. ఇచ్చిన కాయ కాదు, మా ఆయన మళ్ళీ కాలవలో పడిపోతాడని భయమేసి నేనే తీశాను, అడిగితే ఇవ్వదని తీశాను, అని తన నోటితోనే చెప్పేసింది. దడికి ఇవతల పళ్ళ చప్పుడు ఆగిపోయింది. అడిగితే ఇవ్వదన్న మాట నిజం కదా మరి. పేరంటాలమ్మకి అది తెలుసు.

గవరమ్మ అప్పటికప్పుడు కొండయ్య నడుమునుంచి బుర్ర విప్పించింది. మరి నా ఈతో, అన్నాడాయన. బతికుంటే చూద్దాంలే అంది గవరమ్మ. బుర్ర కొడితే లోపల బోలెడు గింజలు, రెండేసి కొమ్ములతో, నిన్న తీసినట్టున్నాయి. సింగారం మూడు గింజలు పాదులో పెట్టింది. ఒక గుప్పెడు గవరమ్మ కొంగులో పోసింది. మిగిలినవి గంపలో వేసుకుని ఇంటింటికీ చారెడు పంచి వచ్చింది. అంతమందికీనా, అంది పేరంటాలమ్మ. పిడకలో దాస్తే ఏమైందో చూశాం కదా అత్తా, అంది సింగారం.

అన్నట్టు కొండయ్య మర్నాడు బుర్ర లేకుండానే కాలవలోకి దిగాడు. నిలబడి చూసుకుంటే నీళ్ళు నడుం దాకానే ఉన్నాయి.

వానపడింది. ఆరోరోజుకి మొలకొచ్చింది. తీగ సాగింది. రోజూ మధ్యాహ్నం పేరంటాలమ్మ వచ్చి గట్టున కూచునేది, ఆ ఆకు మీద పురుగుందే, బూడిద చల్లవే, అనేది. ఒకరోజు తీగ కొస చెయ్యి చాచినట్టు చాచి పందిరి గుంజని పట్టుకుంది, మెలికేసింది, ఎక్కింది. పేరంటాలమ్మ లేచి నిలబడింది. సింగారం చూస్తే అత్త పాదాలు ముందుకి తిరిగి ఉన్నాయి, మామూలు మనుషులకున్నట్టు. వెళ్తోందని ఈసారి బాగా తెలిసింది.

మొదటి పిందె గోరు గుచ్చి చూడకు, కుళ్ళిపోతుంది, అని చెప్పింది. వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం సింగారం పెరట్లో నిలబడింది. ఎవరూ రాలేదు. పాదు తవ్వావా, అని తనే అంది. తవ్వాను, అని తనే అంది. ఇక ఏడుపాగలేదు. అప్పుడే పోలయ్య వచ్చి పాదు గట్టు తొక్కాడు. కళ్ళు నెత్తికెక్కాయా, నువ్వు పుట్టినప్పటి నుంచీ అదే కదా తొక్కుతున్నావని సింగారం ఒక్క అరుపు అరిచింది. పోలయ్య బెదిరిపోయి అటూ ఇటూ చూసి, అమ్మొచ్చిందా, అన్నాడు.

ఆ ఏడు ఊరంతా ఆనపకాయలే. ఎవరింటికి ఎవరు కాయ పట్టుకెళ్ళినా వాళ్ళూ ఒకటి ఎదురిచ్చేవారు. పోలయ్య నలభైరోజులు ఆనపకాయ పులుసే తిన్నాడు. రాజుగారికీ ఒక కాయ వెళ్ళింది. బాగుందన్నాడు. చెప్పాను కదా, ఆయనకింతే పని. గవరమ్మకి అన్నం సహించింది. అందరూ సుఖంగా ఉన్నారు.

అందుకే చెప్పేది, విత్తనం దాచుకోవాలంటే పదిళ్ళలో దాచుకోవాలి. మన సావిడి గోడమీద చూరుకింద బొటనవేలి గుర్తున్న పిడకలు నాలుగున్నాయి. రేపు పొద్దున ఇద్దరినీ తీసుకెళ్ళి చూపిస్తాను, మీ అమ్మని కూడా రమ్మనండి. నేనుండగానే చూసి పెట్టుకోండి. లేకపోతే మళ్ళీ నేను రావాల్సొస్తుంది. మధ్యాహ్నప్పూట. ఆ ఎండలో.

ఏంటి పద్దూ, నా కాళ్ళెందుకు చూస్తున్నావు? ముందుకే ఉన్నాయిలే. కథేమో కంచికి పోయింది, గింజేమో పాదులోకి పోయింది, మీరిక నిద్రలోకి పొండి.